కొండగట్టు సీటా, సిటీలో మేనేజ్‌మెంట్ కోటానా? బాపు ఆఫర్‌తో అయోమయంలో ఉన్నా

మానేరు ఒడ్డు

అందరికీ నమస్తే. మాది కరీంనగర్. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష టీజీ ఎప్‌సెట్‌లో పద్నాలుగు వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. బీసీ-డి, అమ్మాయిని. సర్టిఫికెట్ వెరిఫికేషన్ అయిపోయింది, వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో వరుసగా) పెట్టుకోవాలి. ఇంట్లో రోజూ రాత్రి అన్నాలయ్యాక ఇదే పంచాయితీ. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

బాపు ఆర్టీసీలో కండక్టర్, ఇంకో నాలుగేళ్లలో రిటైర్మెంట్. అమ్మ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. తమ్ముడు పదో తరగతికి వచ్చాడు. బాపు జీతం వల్ల ఆదాయ పరిమితి దాటిపోతాం, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. నాతో ఇంటర్ చదివిన సగం మందికి వస్తుంది, అది వేరే బాధ.

ఇప్పుడు ఇంట్లో రెండు దారుల గురించే మాట్లాడుతున్నారు. ఒకటి, కొండగట్టు దగ్గర నాచుపల్లిలో ఉన్న జేఎన్‌టీయూ జగిత్యాల కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్). పోయినేడాది ర్యాంకులు చూస్తే సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) రావడం కష్టంగానే ఉంది, ఈసీఈ అయితే రావచ్చు. రెండోది, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ (ఏఐ-ఎంఎల్), మేనేజ్‌మెంట్ కోటాలో, అంటే కాలేజీ వాళ్లే సొంతంగా నింపుకునే సీటు. మా మేనమామ దోస్తు ద్వారా ఒకాయన మాట్లాడుతున్నాడు. డొనేషన్ రూ.9 లక్షలట. ఫీజు ఏడాదికి రూ.1.40 లక్షలు, హాస్టల్ రూ.90 వేలు అదనం. "శుక్రవారం లోపు అడ్వాన్స్ కట్టకపోతే వేరేవాళ్లు లైన్లో ఉన్నరు" అని రోజూ ఫోను.

మొన్న బాపు పాత క్యాలెండర్ కాగితం చింపి వెనకవైపు లెక్క వేశాడు. డిపోలో రోజూ క్యాష్ లెక్క అప్పజెప్పే మనిషి కదా, రూపాయి తేడా రానివ్వడు. హాస్టల్, మెస్, పుస్తకాలు, చివరికి ల్యాబ్ కోటు కూడా రాశాడు. కొండగట్టు అయితే నాలుగేళ్లకు అన్నీ కలిపి రూ.4 లక్షలు దాటదు. సిటీ అయితే రూ.18 లక్షల పైన. తర్వాత పెన్ను కింద పెట్టి అన్నాడు: "బిడ్డా, నా దగ్గర పన్నెండు లక్షలున్నయి, గంతే. కొండగట్టుకు పోతే నాలుగు ఖర్చయితయి, మిగిలిన ఎనిమిది నీ పేరు మీద ఏస్త. క్లాసులు మొదలు కాంగనే స్కూటీ. సిటీకి పోత అంటే నేనొద్దన, కని మిగిలింది లోను తీసుకోవాలె, గది నువ్వే కట్టుకోవాలె."

వినడానికి న్యాయంగానే ఉంది. కానీ మర్నాడు అమ్మ చిన్నమ్మతో ఫోన్లో అంటుంటే విన్నా: "పిల్ల పేరు మీద ఎనిమిది లక్షలు పడ్డయంటే రేపు పెండ్లికి రంది ఉండదు." అంటే అది నాకిచ్చే డబ్బా, నా పెళ్లికి దాచే డబ్బా? రేపు తమ్ముడి సీటు దగ్గరికొచ్చినా ఇట్లనే కాగితం మీద లెక్క వేస్తారా అని అడిగితే అమ్మ గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. బాపు ఏమీ అనలేదు.

నాకేం ఇష్టమో చెప్పమంటే నిజంగా తెలీదు. ఇంటర్ రెండేళ్లూ పొద్దున ఐదింటికి లేపి చదివించారు గానీ ఏం చదవాలనుందని ఎవరూ అడగలేదు. ఫిజిక్స్‌లో సెమీకండక్టర్ల పాఠం మాత్రం పరీక్ష అయిపోయాక కూడా తీసి చదివా. కోడింగ్ ఎప్పుడూ చేయలేదు. సీఎస్‌ఈ కాకపోతే బతుకే లేదన్నట్టు మా బంధువులు మాట్లాడుతుంటే టెన్షన్ వస్తోంది.

రెండు విషయాలు చెప్పండి. ఆ సీఎస్‌ఈ సీటుకి రూ.14 లక్షల తేడా పెట్టొచ్చా? బాపు మనసు నొప్పించకుండా ఆ ఎనిమిది లక్షల సంగతి ఎలా తేల్చుకోవాలి?

---

పాత పాస్‌బుక్

అమ్మా, బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్లు చూసి రిటైరైనవాణ్ణి. లెక్కల సంగతి వరకు చెప్తాను.

ముందు ఆ 9 లక్షలకి రసీదు ఇస్తారా అని మధ్యవర్తిని అడగండి. ఇవ్వరు. 1983 నాటి చట్టం ప్రకారం క్యాపిటేషన్ ఫీజు తీసుకోవడమే నేరం, ఇక రసీదు ఎక్కడిది? రసీదు లేని డబ్బుకి బ్యాంకు లోను ఇవ్వదు. రేపు మీకు అక్కడ నచ్చక వచ్చేసినా తిరిగి అడగడానికి చేతిలో కాగితం ముక్క ఉండదు. అంటే మీ నాన్నగారి 12 లక్షల్లో 9 మొదటి రోజే నగదుగా వెళ్లిపోతాయి. మిగిలిన 3 లక్షలు రెండేళ్లకు కూడా రావు.

ఆ మీద రూ.6 లక్షల పైన లోను. కౌన్సెలింగ్‌లో మెరిట్ మీద వచ్చిన సీటుకైతే రూ.7.5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. మేనేజ్‌మెంట్ సీటు అనగానే చాలా బ్రాంచీల్లో మాట మారుతుంది. ఇంటి కాగితాలు తెమ్మంటారు, వడ్డీ పెంచుతారు. 2024లో కేంద్రం తెచ్చిన పీఎం విద్యాలక్ష్మి కూడా మెరిట్‌తో చేరినవాళ్లకే, అదీ వాళ్ల జాబితాలో ఉన్న కాలేజీల్లో చేరితేనే.

చదువయ్యేసరికి వడ్డీతో కలిసి బాకీ రూ.7.5 లక్షలకి చేరిందనుకుందాం. 10 శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు అయితే నెల కిస్తీ రూ.12,450 దాకా పడుతుంది. టీసీఎస్‌లో కొత్తవాళ్లకి ఇచ్చే నింజా అనే మొదటి మెట్టు ఉద్యోగం వచ్చిందనుకోండి, ఏడాదికి రూ.3.36 లక్షలు. కోతలు పోను చేతికొచ్చే దాంట్లో సగం కిస్తీకే పోతుంది. లోను మీద మీతోపాటు సంతకం పెట్టిన మీ నాన్నగారు అప్పటికి రిటైరై ఉంటారు. "నువ్వే కట్టుకోవాలె" అన్నారు గానీ మీరు కట్టకపోతే బ్యాంకు ఫోన్ చేసేది ఆయనకే.

ఇక ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్). 8 లక్షలు ఆరున్నర శాతం వడ్డీకి వేస్తే నాలుగేళ్లకు సుమారు రూ.10.35 లక్షలవుతుంది. మంచి మొత్తమే. అయితే "నీ పేరు మీద" అన్నమాట బ్యాంకులో చాలా రకాలుగా ఉంటుంది. మీకు పద్దెనిమిది నిండాయా? నిండకపోతే ఇంత మొత్తం మామూలుగా సంరక్షకుడిగా నాన్నగారి సంతకంతోనే నడుస్తుంది. నిండితే మీ ఒక్కరి పేరునా, ఇద్దరి పేర్లనా? నన్నడిగితే ఇద్దరి పేర్లతో వేయించుకోండి. ఉమ్మడి డిపాజిట్‌ను గడువుకి ముందు తీయాలంటే మామూలుగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు. అన్ని విధాలా అదే మంచిది: మీరు తొందరపడి తీయలేరు, మీకు తెలియకుండా అది కల్యాణ మండపం అడ్వాన్సూ అవదు. బాండు తీసుకోండి, గడువు తేదీ చూసుకోండి.

ఇంకొకటి. సీటు ఖాయం కాకముందే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. కాలేజీలు వాటిని అట్టిపెట్టుకోకూడదని కాలేజీలపై నియంత్రణ ఉన్న కేంద్ర సంస్థలు యూజీసీ, ఏఐసీటీఈ చెబుతూనే ఉన్నాయి. అయినా అట్టిపెట్టుకుంటారు.

---

బెంచ్ మీద ఉన్నా

అంకుల్ లెక్కకి తిరుగులేదు. కానీ దాన్ని బట్టి కొండగట్టే కరెక్ట్ అని ఎలా తేల్చేస్తాం? మీ ఇంట్లో ఒక దారి కావాలనే మర్చిపోయారో, నిజంగానే గుర్తు రాలేదో గానీ: సిటీ కాలేజీలో కన్వీనర్ కోటా సీటు, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటు, ఏమైంది?

సీట్లలో డెబ్భై శాతం కన్వీనర్ కోటావే. ప్రభుత్వ ఫీజు కమిటీ ఖరారు చేసిన ఫీజు ఆ సీటుకీ మేనేజ్‌మెంట్ సీటుకీ ఒకటే, ఎన్నారై కోటా సంగతి వేరు. నీ ర్యాంకుకి సిటీలో ఓ మోస్తరు కాలేజీలో సీఎస్‌ఈనో, ఇంకొంచెం మంచి కాలేజీలో ఈసీఈనో దొరికే అవకాశం ఉంది. ఏడాదికి 1.40 లక్షల ఫీజు, 90 వేల హాస్టల్ అనుకున్నా నాలుగేళ్లకు 9.20 లక్షలు. మీ నాన్న దగ్గరున్న 12లో సరిపోతుంది. లోను లేదు, డొనేషన్ లేదు. 2.80 లక్షలు మిగులుతాయి కూడా. ఆ మధ్యవర్తికి కమీషన్ మేనేజ్‌మెంట్ సీటు మీదే వస్తుంది కాబట్టి ఈ ముక్క ఆయన చచ్చినా చెప్పడు.

సిటీ ఎందుకంటున్నానో చెప్తా. మా కంపెనీలో క్యాంపస్ డ్రైవ్‌లకు కాలేజీల లిస్టు తయారయ్యేటప్పుడు నేనూ కూర్చుంటా. పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికొచ్చే కాలేజీల పేర్లే ముందు పడతాయి. తప్పే, కానీ జరిగేది అదే. టీసీఎస్ పెట్టే ఉద్యోగ పరీక్ష ఎన్‌క్యూటీ ఏ కాలేజీ వాళ్లైనా రాయొచ్చు, నిజమే. నింజాకీ, ఏడాదికి 7 లక్షలిచ్చే డిజిటల్ ఉద్యోగానికీ దారి అదే. చిన్న కంపెనీల ఇంటర్న్‌షిప్‌లు మాత్రం సిటీలో ఉన్నవాళ్లకే ముందు తెలుస్తాయి. సెకండియర్ నుంచే మాదాపూర్లో ఇంటర్న్‌షిప్ చేసుకుంటూ చదివే పిల్లలతో నువ్వు పోటీ పడాలి.

ఏఐ-ఎంఎల్ అనే పేరు చూసి మాత్రం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టొద్దు. మొదటి రెండేళ్లూ దాదాపు సీఎస్‌ఈ సిలబస్సే. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద ఉన్న "హయ్యెస్ట్ ప్యాకేజీ" ఒక్కడికి వచ్చింది. ఎంతమందికి ఎంత వచ్చింది, మధ్యలో ఉన్నవాడికి ఎంత అని అడుగు. అక్కడ నీళ్లు నమిలితే వెనక్కి వచ్చెయ్.

---

సర్క్యూట్ అక్క

చెల్లీ, నేను జిల్లాలో ఉన్న ఒక యూనివర్సిటీ కాలేజీలో ఈసీఈ చేశా. పేరెందుకులే. ఇప్పుడు హైదరాబాద్‌లో చిప్ వెరిఫికేషన్ పని చేస్తున్నా.

బెంచ్ గారు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. మా దగ్గర రెగ్యులర్ లెక్చరర్లు తక్కువ, కాంట్రాక్టు వాళ్లే చాలా సబ్జెక్టులు లాగారు. ఒక సెమిస్టర్‌లో మైక్రోప్రాసెసర్ల ల్యాబ్‌కి సారే లేడు, సీనియర్ అక్క వచ్చి చెప్పింది. క్యాంపస్‌కి వచ్చిన కంపెనీలు తక్కువే. కానీ హాస్టల్ అంతా రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని ఉండేది. ర్యాంకు తెచ్చుకుని వచ్చిన పిల్లలు, ఇంటి దగ్గర పైసలు లేని పిల్లలు, అందరికీ ఆకలే. మెస్‌లో డివైడింగ్ సిస్టమ్: నెలాఖరుకి ఖర్చు తలా ఇంత అని పంచుకోవడం. బిల్లు ఎందుకు పెరిగిందని కూరగాయల చిట్టీ దగ్గర కొట్లాడుకునేవాళ్లం. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌కి గుంపుగా చదివాం. అలా ఎన్‌ఐటీలో ఎంటెక్ సీటొచ్చింది, నెలకు రూ.12,400 స్టైపెండ్, ఇంట్లో అడగకుండా రెండేళ్లు గడిచాయి. సెమీకండక్టర్ల పాఠం పరీక్ష అయ్యాక కూడా చదివానన్నావు చూడు, ఆ ముక్క తేలిగ్గా తీసుకోకు. మా టీమ్‌లో అలాంటివాళ్లే మిగులుతారు.

అసలు సంగతికొస్తా. నీ పోస్టు చదువుతుంటే నాకు ఎనిమిది లక్షల కంటే స్కూటీ దగ్గర అనుమానం వచ్చింది. హాస్టల్లో ఉండే పిల్లకి స్కూటీ దేనికి? కరీంనగర్ నుంచి కొండగట్టు ముప్పై అయిదు కిలోమీటర్ల చిల్లర. మహాలక్ష్మి పథకంతో మనకి బస్సు ఫ్రీ. ఇంటి నుంచి బస్టాండుకి స్కూటీ, అక్కడి నుంచి ఎక్స్‌ప్రెస్, సాయంత్రానికి ఇంటికి. బాపు లెక్కలో హాస్టల్ ఉన్నా మీ అమ్మ మనసులో లేదేమో. అందుకే స్కూటీ. తప్పని కాదు, ఆడపిల్ల ఇంటి పట్టున ఉండాలని వాళ్లకి ఉంటుంది. కానీ రోజుకు మూడు గంటలు రోడ్డు మీద పోయి, వచ్చాక ఇంటి పని అందుకుని, గేట్‌కి చదవలేవు. ఆ కాలేజీకి వెళ్లాలనుకుంటే హాస్టల్ సంగతి ముందు తేల్చుకో. స్కూటీ బదులు ల్యాప్‌టాప్ అడుగు.

పెళ్లి మాటకి మరీ ఉలిక్కిపడకు. మా ఇంట్లోనూ నా ఎంటెక్ పూర్తయ్యేదాకా అదే మాట నడిచింది. డబ్బు దేనికని బాపునే సూటిగా అడుగు, అమ్మ ద్వారా కాదు.

---

ఇద్దరు ఆడపిల్లల నాన్న

నాదీ ప్రభుత్వ ఉద్యోగమే. పెద్దదానికి నేనూ ఇలాంటి బేరమే పెట్టాను, అందుకే రాస్తున్నా.

తల్లీ, మీ నాన్న నిన్ను కొనాలని చూడటం లేదు. పీఎఫ్ అప్పో చిట్టీయో కలిపి కూడబెట్టిన డబ్బు ఒకేసారి ఎవరో తెలియనివాడి చేతిలో పెట్టాలంటే మాకు నిద్ర పట్టదు. వద్దని చెప్పలేం, "డబ్బుకి చూసుకున్నాడు" అంటారు. అందుకే వద్దు అనే మాటని ఇంకోటి ఇస్తాననే మాటతో చెబుతాం. మా అమ్మాయి నన్ను ఒకే ప్రశ్న అడిగింది: "నేను సిటీకి వెళ్తే ఈ డబ్బు ఎలాగూ నాకు పెట్టేవాడివే కదా, మరి వెళ్లకపోతే అది నాది ఎందుకు కాదు?" జవాబు దొరక్క ఎఫ్‌డీ ఆమె పేరునే వేశాను.

తమ్ముడి విషయం అడిగావు, అడగాల్సిందే. కానీ అన్నం తినేటప్పుడు అడగకు. ఆయన డ్యూటీ లేని రోజు, అమ్మ కూడా ఉన్నప్పుడు అడుగు.

---

మానేరు ఒడ్డు

అందరికీ థ్యాంక్స్. ఆదివారం బాపుకి వీక్లీ ఆఫ్. అక్క, అంకుల్ రాసినవి ఫోన్లో చూపించా. స్కూటీ దగ్గరికి రాగానే బాపు అమ్మ వైపు చూసి నవ్వాడు. అక్క చెప్పింది నిజమే, అది అమ్మ ఆలోచన. "రోజూ నా చేతి అన్నం తిని పోతది కదా" అని ఆమె ఆశ. అక్కడే చిన్నగా కొట్లాట అయింది. చివరికి వారం వారం ఇంటికొచ్చేలా ఒప్పుకుని హాస్టల్ ఖాయం చేసుకున్నా. "నా బస్సే ఎక్కు, జీరో టికెట్ నేనే కొడత" అన్నాడు బాపు. స్కూటీ పోయింది, ల్యాప్‌టాప్ వచ్చింది.

మధ్యవర్తిని రసీదు అడిగాం. "గా మాట ఫోన్ల వద్దు సార్, మీరు రండి మాట్లాడుకుందాం" అన్నాడు. బాపు ఫోన్ పెట్టేసి నంబర్ బ్లాక్ చేయమని నా చేతికిచ్చాడు. కన్వీనర్ కోటాలో సిటీ సీటు సంగతి బాపుకి నిజంగానే తెలీదు. ఫీజు కమిటీ లెక్క చూపిస్తే మళ్లీ క్యాలెండర్ కాగితం తీశాడు.

ఎఫ్‌డీ ఇద్దరి పేర్లతో, నా పేరు ముందు. నాకు మొన్న మార్చిలోనే పద్దెనిమిది నిండాయి. చదువుకైతే ఎప్పుడంటే అప్పుడు సంతకం పెడతానన్నాడు. పెళ్లికైతే? "నువ్వు సంతకం పెడితేనే కదా" అన్నాడు. అమ్మకి ఇది ఇంకా నచ్చలేదు. తమ్ముడి ప్రశ్నకి మాత్రం సరైన జవాబు రాలేదు. "వాడు ముందు టెన్త్ పాస్ కానీ" అన్నారు ఇద్దరూ. వాడు పక్క గదిలోంచి అంతా విన్నాడు, అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

ఆప్షన్లు ఇలా అనుకుంటున్నా: ముందు కొండగట్టు సీఎస్‌ఈ (రాదని తెలుసు, అయినా), తర్వాత సిటీలో మేం చూసొచ్చిన రెండు కాలేజీల ఈసీఈ, తర్వాత కొండగట్టు ఈసీఈ. సిటీది వస్తే మిగిలేది తక్కువ, అయినా సరే అన్నాడు బాపు. రానిదాన్ని పైన పెడితే కింద ఉన్నది పోతుందని మా పిన్ని కొడుకు భయపెడుతున్నాడు, నిజమా? మొదటి విడతలో సీటొచ్చాక రెండో విడతకి వెళ్తే పాతది ఉంటుందా?

---

బెంచ్ మీద ఉన్నా

పిన్ని కొడుక్కి చెప్పు, అలా పోదు. నీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు పైనుంచి చూసుకుంటూ వస్తారు, ఖాళీ ఉన్న మొదటిది ఇస్తారు. రానిది పైన పెట్టినంత మాత్రాన నష్టం లేదు. నువ్వు నిజంగా చేరాలనుకునే వరుసలోనే పెట్టు. కింద ఇంకో పది పదిహేను కూడా పెట్టు, నాలుగింటితో ఆపితే ఏదీ రాకుండా పోయే ప్రమాదం ఉంది. మాక్ అలాట్‌మెంట్ (నమూనా సీట్ల కేటాయింపు) పెడితే అది చూశాక వరుస మార్చుకోవచ్చు.

రెండో విడత దగ్గర మాత్రం జాగ్రత్త. సీటొచ్చాక గడువు లోపు ఫీజు కట్టి ఆన్‌లైన్లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు ఒప్పుకున్నట్టు నమోదు) చేయకపోతే అది రద్దయిపోతుంది. చేశాక రెండో విడతకి వెళ్లొచ్చు, కానీ కొత్త సీటు వచ్చిందంటే పాతది ఆటోమేటిక్‌గా వేరేవాళ్లకి వెళ్లిపోతుంది, వెనక్కి రాదు. కాబట్టి అప్పుడు చేతిలో ఉన్నదానికంటే మంచివి అనుకున్నవే పెట్టు, ఊరికే నింపకు. చివర్లో కాలేజీలు మిగిలిన సీట్లకి స్పాట్ అడ్మిషన్లు అంటాయి, దానికోసం చేతిలో సీటు వదలొద్దు.

---

సర్క్యూట్ అక్క

ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనకు. ఫస్టియర్‌లో పెద్దగా అవసరం పడదు, దసరా సేల్ దాకా ఆగు. హాస్టల్‌కి మాత్రం సీటు రాగానే అప్లై చేయి. తమ్ముణ్ని ఒకరోజు సినిమాకి తీసుకుపో.